వేగం పెంచిన ప్రాసెసర్‌కు ఎండాకాలంలోనూ పరీక్ష పెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

డెస్క్‌టాప్ ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేసుకునే, అంటే తయారీదారు నిర్ణయించిన వేగానికి మించి నడిపించే విధానాన్ని వివరిస్తూ మీ పత్రిక సాంకేతిక పేజీలో ఇటీవల వచ్చిన వ్యాసం చదివాను. మల్టిప్లయర్ (మూల క్లాక్ వేగాన్ని ఎన్ని రెట్లు చేయాలో చెప్పే సంఖ్య) అంటే ఏమిటో, బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే నడిచే మూల సెట్టింగుల ప్రోగ్రామ్‌లో) దాన్ని ఎక్కడ మార్చాలో వ్యాసకర్త ఎవరికైనా అర్థమయ్యేలా చెప్పారు. అయితే, వేగం పెంచాక గంటసేపు గేమ్ ఆడి చూసి, కంప్యూటర్ ఆగిపోకపోతే అంతా సరిగా ఉన్నట్టేనని ఆయన చివర ఇచ్చిన సలహాతో నేను ఏకీభవించలేను. అటువంటి పరీక్షనే నమ్మి నష్టపోయినవాణ్ణి కనుక ఈ లేఖ రాస్తున్నాను.

శిథిలమవుతున్న పాత తెలుగు పుస్తకాలను, పత్రికల సంచికలను స్కాన్ చేసి భద్రపరచడం నేను కొన్నేళ్లుగా చేస్తున్న పని. రెండేళ్ల కిందట డిసెంబరులో కొత్త కంప్యూటర్ అసెంబుల్ చేయించుకున్నప్పుడు, దుకాణంవారు ప్రాసెసర్ వేగాన్ని 4.2 గిగాహెర్ట్జ్ నుంచి 4.7కు పెంచి, కాసేపు గేమ్ నడిపి చూపించి నాకు అప్పగించారు. అది ఏనాడూ ఆగిపోలేదు, తెర నీలంగా మారలేదు. ఏప్రిల్, మే నెలల్లో స్కాన్ చేసిన పుటలను పుస్తకాలవారీగా జిప్ ఫైళ్లుగా కుదించి, డిస్కులో చోటు కోసం అసలు బొమ్మలను తొలగించాను. జులైలో ఒక పరిశోధక విద్యార్థిని అడిగిందని వాటిని తెరవబోతే, అరవై ఫైళ్లలో పదకొండు సీఆర్‌సీ (ఫైలు చెడలేదని సరిచూసే సంఖ్య) సరిపోలడం లేదని చూపాయి. చలికాలంలో కుదించినవన్నీ చక్కగా తెరుచుకున్నాయి. చెడిపోయిన పదకొండూ మధ్యాహ్నం వేళ కుదించినవే. ఆ పుస్తకాల్లో మూడింటిని సొంతదారులకు అప్పటికే తిరిగి ఇచ్చేశాను. వాటిలో ఒకదాని కాగితం ఇక స్కానర్ మీద పరచగలిగే స్థితిలో లేదు.

డిస్కును మార్చి చూశాను, ర్యామ్‌ను మార్చి చూశాను. చివరకు బయోస్‌లో అన్నీ ఫ్యాక్టరీ విలువలకు తెచ్చాక, ఒకే ఫోల్డరును పదిసార్లు కుదించినా తప్పు రాలేదు. 4.7 గిగాహెర్ట్జ్‌కు పెంచితే మళ్లీ వచ్చింది.

ఇలా ఎందుకు జరుగుతుందో చెబితే పాఠకులకు ఉపయోగపడుతుందని అనుకుంటున్నాను. ప్రాసెసర్‌లో ఒక అంచె లెక్క ముగిసి, దాని ఫలితం తదుపరి క్లాక్ టిక్కు పడేలోగా గమ్యం చేరాలి. 4.2 గిగాహెర్ట్జ్ దగ్గర అందుకు ఉండే వ్యవధి దాదాపు 0.24 నానోసెకండు కాగా, 4.7 దగ్గర 0.21 మాత్రమే. తయారీదారులు కొంత వెసులుబాటు ఉంచి వేగాన్ని నిర్ణయిస్తారు. ఓవర్‌క్లాకింగ్ ఆ వెసులుబాటును వాడుకుంటుంది. వోల్టేజీ పెంచితే ట్రాన్సిస్టర్లు చురుకుగా స్పందిస్తాయి కానీ వేడి పెరుగుతుంది. విద్యుత్ వినియోగం వేగానికీ, వోల్టేజీ వర్గానికీ అనులోమంగా ఉంటుంది కనుక, రెండింటినీ పది శాతం చొప్పున పెంచితే వినియోగం దాదాపు మూడో వంతు పెరుగుతుంది. అంత వోల్టేజీ వద్ద చిప్ వేడెక్కిన కొద్దీ సంకేతాలు ఆలస్యంగా చేరుతాయి. డిసెంబరు ఉదయం 24 డిగ్రీలున్న గది మే మధ్యాహ్నం 38 డిగ్రీలకు చేరితే, అదే కూలర్ కింద ఉన్న చిప్ కూడా సుమారుగా అంతే తేడాతో వేడెక్కుతుంది. చలికాలంలో సమయానికి అందిన ఫలితం అప్పుడు ఒక్కోసారి ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం ఆపరేటింగ్ సిస్టమ్ కోడ్‌లో జరిగితే కంప్యూటర్ ఆగిపోవచ్చు. డేటాలో జరిగితే మాత్రం ఒక అంకె మారుతుంది, పని కొనసాగుతుంది, మనకు తెలియదు. చిప్ 95 లేదా 100 డిగ్రీల దగ్గర తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది కదా అని కొందరు ధైర్యం చెబుతారు. ఆ రక్షణ చిప్ కాలిపోకుండా చూసేదే తప్ప లెక్క తప్పకుండా చూసేది కాదు. తప్పులు అంతకంటే చాలా తక్కువ వేడిలోనే మొదలుకావచ్చు.

గేమ్‌లో ఒక చుక్క రంగు తప్పినా ఆడేవారు గమనించరు. అందువల్ల సరైన సమాధానం ముందే తెలిసిన లెక్కను ప్రాసెసర్ చేత చేయించి, వచ్చిన ఫలితంతో పోల్చడమే అసలైన పరీక్ష. 1996లో జార్జ్ వోల్ట్‌మన్ మెర్సెన్ ప్రధాన సంఖ్యల (2 ఘాతం నుంచి ఒకటి తీసివేస్తే వచ్చే ప్రధాన సంఖ్యల) అన్వేషణ కోసం రూపొందించిన ప్రైమ్95 ప్రోగ్రామ్‌లోని టార్చర్ టెస్ట్ చేసే పని ఇదే. ఆ లెక్కల్లో దశాంశ సంఖ్యలతో గుణకారాలు సాగినా, ప్రతి దశ చివరా ఫలితం ఒక పూర్ణాంకానికి బాగా దగ్గరగా ఉండాలి. అలా లేనప్పుడు, రౌండింగ్ 0.5 వచ్చింది, 0.4 కంటే తక్కువ ఉండాలి అన్న సందేశంతో పరీక్ష ఆగుతుంది. 0.5 అంటే రెండు పూర్ణాంకాలకు నడుమ, ఎటూ చెప్పలేని చోటు. నా కంప్యూటర్ నలభై నిమిషాల్లోనే ఆ సందేశం చూపింది. ఈ పరీక్ష ఎంత నిశితమైనదంటే, 2016 జనవరిలో ఇంటెల్ స్కైలేక్ ప్రాసెసర్లలో ఏ ఓవర్‌క్లాకింగూ లేకుండానే ఉన్న ఒక లోపం ప్రైమ్95 నడిపేవారి వల్లే బయటపడింది. ఇంటెల్ దాన్ని అంగీకరించి బయోస్ ద్వారా సరిదిద్దింది.

ఇందులో స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ పరీక్ష కోర్లను, కూలర్‌ను గట్టిగా పరీక్షిస్తుంది. బ్లెండ్ పరీక్ష ర్యామ్‌ను కూడా కలుపుకుంటుంది. రెండూ కొన్ని గంటలపాటు, ఏసీ ఆపి, ఎండ వేళలో నడపాలి. ర్యామ్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను ప్రామాణిక వేగానికి మించి నడిపే సెట్టింగు) ఆన్ చేయడం కూడా ఓవర్‌క్లాకింగే కనుక, అలా చేసినవారు ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ను విడిగా నడపడం మంచిది. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో వీయా (WHEA, హార్డ్‌వేర్ తప్పులను నమోదు చేసే వ్యవస్థ) పేరుతో హెచ్చరికలు కనిపిస్తుంటే, కంప్యూటర్ ఆగకపోయినా, వేగాన్ని ఒక మెట్టు దించవలసిందే.

ఫైళ్లను కుదించి విప్పే పనిలోనే ఇటువంటి తప్పులు బయటపడటం నా ఒక్కడి అనుభవం కాదు. ఫేస్‌బుక్ ఇంజినీర్లు 2021లో ప్రచురించిన ఒక పరిశీలనలో, లోపమున్న ఒక ప్రాసెసర్ కోర్ 1.1ను 53వ ఘాతానికి హెచ్చించి పూర్ణాంకం ఇవ్వమంటే, 156కు బదులు సున్నా ఇచ్చింది. దాని ఫలితంగా, కుదించిన ఫైళ్లను విప్పినప్పుడు కొన్ని ఖాళీ ఫైళ్లుగా భావించబడి మాయమయ్యాయి. 2024లో ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్ల విషయంలోనూ, గేమ్ డేటాను విప్పే దశలో వీడియో మెమరీ చాలలేదన్న సంబంధం లేని సందేశం వచ్చి, ఎంతోమంది తప్పు గ్రాఫిక్స్ కార్డుదేనని భావించారు. చిప్‌కు అవసరానికి మించిన వోల్టేజీ అందడం అందుకు కారణమని ఇంటెల్ ప్రకటించి, ఆగస్టులో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) సవరణ విడుదల చేసి, ఆ ప్రాసెసర్ల వారంటీని రెండేళ్లు పొడిగించింది. ఎక్కువ వోల్టేజీ ఆ రోజుకు ఏమీ చేయనట్టు కనిపించినా, నెలల తరబడి అందితే చిప్‌ను శాశ్వతంగా బలహీనపరుస్తుందని ఈ ఉదంతం చూపింది. అందుకే, ఒకసారి నెగ్గిన పరీక్షను కూడా ఏటా తిరిగి పెట్టాలని నా సలహా.

నేను ఓవర్‌క్లాకింగ్‌కు వ్యతిరేకిని కాదు. 1998 నాటి సెలెరాన్ 300ఏ ప్రాసెసర్‌లో మల్టిప్లయర్ 4.5 దగ్గర బిగించి ఉండగా, బస్ వేగాన్ని (మూల క్లాక్‌ను) 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు మార్చి, 300 మెగాహెర్ట్జ్ చిప్ నుంచి 450 రాబట్టినవారి నేర్పును నేటికీ గౌరవిస్తాను. తన కంప్యూటర్‌లో తాను కావాలని చేసుకునేవారికి తాము ఏం చేస్తున్నామో తెలుసు. కొన్నవారికి చెప్పకుండా, లేదా చెప్పినా పరీక్షించకుండా వేగం పెంచి ఇవ్వడం మాత్రం న్యాయం కాదు. నా కంప్యూటర్‌తో వచ్చిన బిల్లులో ప్రాసెసర్ పేరు, ర్యామ్ పరిమాణం ఉన్నాయి. పెంచిన వేగం గానీ, వోల్టేజీ గానీ, నడిపిన పరీక్ష గానీ రాసి లేవు. వేగం పెంచడం వల్ల కలిగే నష్టానికి తయారీదారుల వారంటీ సాధారణంగా వర్తించదు కనుక, ఆ మూడు వివరాలూ బిల్లు మీద రాసివ్వాలని అడిగే హక్కు కొనేవారికి ఉంది. దుకాణంవారు రాసివ్వనంటే, వేగం పెంచకుండానే కంప్యూటర్ ఇవ్వమనండి.

స్థిరత్వ పరీక్షల గురించి వివరమైన వ్యాసాన్ని, వీలైతే ఎండలు ముదిరేలోగా, అదే పేజీలో ప్రచురించవలసిందిగా మిమ్మల్ని కోరుతున్నాను. నేను ప్రస్తుతం 4.2 గిగాహెర్ట్జ్ దగ్గరే పని చేస్తున్నాను. ప్రతి ఫైలునూ కుదించిన వెంటనే విప్పి, పుటలు సరిచూసుకున్న తరువాతే అసలు బొమ్మలను తొలగిస్తున్నాను. తిరిగి స్కాన్ చేయగలిగిన పుస్తకాలలో ఆరు పూర్తయ్యాయి, ఇంకా నాలుగు మిగిలి ఉన్నాయి.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
తెనాలి