గోటింగెన్ నోబెల్ జాబితాలో కనపడని 1933

సంపాదకుల వారికి నమస్కారం.

జర్మనీలోని గోటింగెన్ యూనివర్సిటీ గురించి మీ చదువుల పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. ట్యూషన్ ఫీజు లేదని, నలభై మందికి పైగా నోబెల్ గ్రహీతలకు దానితో సంబంధం ఉందని, కొత్తగా డాక్టరేట్ వచ్చినవాళ్లు ఊరి నడిబొడ్డున ఫౌంటెన్ మీదున్న, బాతులు కాసే అమ్మాయి విగ్రహాన్ని ముద్దు పెట్టుకుంటారని రాశారు. అన్నీ నిజాలే (1926లో ఆ ముద్దును నిషేధించినా కుర్రాళ్లు లెక్కచేయలేదు లెండి). కానీ 1737లో మొదలైన యూనివర్సిటీ కథలో 1933 ప్రస్తావన ఒక్క వాక్యంలో కూడా లేదు. లెక్కలు చెప్పి రిటైరైన నాకు అది మింగుడు పడలేదు.

మీరు వేసిన నోబెల్ జాబితాలోనే భౌతికశాస్త్రవేత్తలు మాక్స్ బోర్న్, జేమ్స్ ఫ్రాంక్ ఉన్నారు. 1933 ఏప్రిల్ 7న నాజీ ప్రభుత్వం ఒక చట్టం తెచ్చి యూదులను సర్కారు కొలువుల్లోంచి ఏరేయడం మొదలుపెట్టింది. అది ప్రభుత్వ యూనివర్సిటీ కాబట్టి ప్రొఫెసర్లకూ అదే వర్తించింది. నెల తిరగకముందే బోర్న్‌ను, గణితవేత్తలు రిచర్డ్ కూరంట్‌ను, ఎమ్మీ నోథర్‌ను పక్కన పెట్టారు. ఫ్రాంక్ మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడినవాడు, చట్టం ఆయన జోలికి రాదు. అయినా ఆ మినహాయింపు తనకొద్దని రాజీనామా చేశారు, ఎందుకు చేశారో ఊరి పేపర్లో వచ్చేలా చూశారు. అప్పుడు సహోద్యోగులు ఏం చేశారనుకుంటున్నారు? 42 మంది అధ్యాపకులు సంతకాలు పెట్టి, ఫ్రాంక్ చేసింది విద్రోహంతో సమానమని ప్రకటన ఇచ్చారు. నవంబరులో యూదు గణిత ప్రొఫెసర్ ఎడ్మండ్ లాండౌ క్లాసుకు ఎవరూ వెళ్లకుండా విద్యార్థులే తలుపు దగ్గర కాపలా కాశారు. వాళ్లను ముందుండి నడిపిన టైష్‌ముల్లర్ సామాన్యుడు కాదు, అతని పేరుతో ఇవాళ్టికీ గణితంలో ఒక సిద్ధాంతం ఉంది. చదువుంటే బుద్ధి దానంతటదే వస్తుందనుకునేవాళ్లు ఆ క్లాసు గుమ్మాన్ని ఒకసారి తలుచుకోవాలి.

నోథర్ సంగతి ఇంకా అన్యాయం. 1915లో అక్కడి గణిత ప్రొఫెసర్లు హిల్బర్ట్, క్లైన్ ఆమెను పిలిపించారు. ఆడవాళ్లకు యూనివర్సిటీలో పాఠం చెప్పే అర్హత ఇవ్వకూడదని ఫ్యాకల్టీలో చాలామంది అడ్డం తిరిగారు. దాంతో హిల్బర్ట్ పేరు మీద కోర్సు ప్రకటించి, ఆమె పాఠం చెప్పేవారు. జీతం లేదు. భౌతికశాస్త్రంలో ఇప్పుడు ప్రతి పీజీ విద్యార్థీ చదివే నోథర్ సిద్ధాంతం 1918 నాటికే అచ్చయింది, సొంత పేరుతో పాఠం చెప్పే హక్కు మాత్రం 1919లో గానీ రాలేదు. ఆ పైన పద్నాలుగేళ్లకే పొమ్మన్నారు. ఆమె అమెరికా వెళ్లి, రెండేళ్లు తిరగకుండానే కన్నుమూశారు.

ఇదంతా హిట్లర్ ఒక్కడి పాపమని సరిపెట్టుకోవడానికి లేదు. ఆ ఊళ్లో ఇలాంటిది మొదటిసారి కూడా కాదు. 1837లో, అప్పట్లో ఆ ఊరిని ఏలిన హనోవర్ రాజు ఎర్నెస్ట్ ఆగస్ట్ రాజ్యాంగాన్ని రద్దు చేస్తే, ఏడుగురు ప్రొఫెసర్లు తాము దాని మీద చేసిన ప్రమాణం తప్పమని రాసిచ్చారు. జానపద కథల గ్రిమ్ సోదరులిద్దరూ అందులో ఉన్నారు. గణిత దిగ్గజం గాస్‌తో కలిసి టెలిగ్రాఫ్ తీగలాగిన వెబర్ ఉన్నాడు, గాస్ అల్లుడు ఎవాల్డ్ ఉన్నాడు. గాస్ సంతకం లేదు. ఏడుగురి ఉద్యోగాలూ ఊడాయి, ముగ్గురిని మూడు రోజుల్లో రాజ్యం వదిలి పొమ్మన్నారు.

వెళ్లగొట్టినవాళ్ల వల్ల బాగుపడింది బయటి దేశాలు. కూరంట్ న్యూయార్క్‌లో కట్టిన సంస్థ ఆయన పేరుతోనే నడుస్తోంది. మనకూ ఒక అవకాశం వచ్చింది. విశాఖలో చదువుకున్న సి.వి. రామన్ బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరుగా ఉండగా బోర్న్‌ను రప్పించారు. 1935-36లో బోర్న్ కొన్ని నెలలు అక్కడ పనిచేశారు కూడా. శాశ్వతంగా ఉంచుకోవాలని రామన్ పట్టుబట్టినా లోపలి వ్యతిరేకత వల్ల కుదరలేదు. బోర్న్ ఎడిన్‌బరో వెళ్లిపోయారు.

గోటింగెన్ ఇప్పుడు మంచి యూనివర్సిటీయే, మన పిల్లలు వెళ్తామంటే సంతోషమే. నా మనవి ఒక్కటే. మళ్లీ అలాంటి జాబితా వేసేటప్పుడు, బహుమతి వచ్చిన రోజుకి ఆ మనిషి ఎక్కడున్నాడో ఇంకో గడి పెట్టి వేయండి. గోటింగెన్‌లో చేసిన పనికి 1954లో నోబెల్ అందుకున్న బోర్న్ పక్కన, అంతకు ఇరవై ఏళ్ల ముందే ఉద్యోగం తీసేశారని రాయాల్సి వస్తుంది. గణితానికి నోబెల్ లేదు కాబట్టి నోథర్ ఏ జాబితాలోకీ రారు, ఆవిడ ఫొటో విడిగా వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత అధ్యాపకుడు,
కాకినాడ