చీర్‌లీడర్ల జీతం గురించి కూడా రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

డాలస్ కౌబాయ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు గురించి రాసినప్పుడల్లా మీ పేజీలో చీర్‌లీడర్ల ఫొటో పెద్దగా వేస్తారు, వాళ్ల గురించి మాత్రం ఒక్క ముక్క ఉండదు. మేముండేది ఫ్రిస్కోలో, ఆ జట్టు ఆఫీసు ఉన్న ఊళ్లోనే.

ఒకసారి స్టేడియంలో ఈ చీర్‌లీడర్ల డాన్సు చూశాను. అందరూ ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని, కాళ్లు తలకంటే ఎత్తు లేపి, చివర్లో గాల్లోకి ఎగిరి రెండు కాళ్లూ బార్లా చాపి దబ్బున నేలమీద పడతారు, పడి కూడా నవ్వుతూనే ఉంటారు! నాకైతే చూస్తుంటేనే నడుం కలుక్కుమంది.

2024లో ఫోర్బ్స్ పత్రిక లెక్కన ఆ జట్టు విలువ 1,000 కోట్ల డాలర్లు దాటింది, ఈ అమ్మాయిల్లో చాలామంది మాత్రం ఇల్లు గడవడానికి పగలు ఇంకో ఉద్యోగం చేసుకుని సాయంత్రం ప్రాక్టీసుకి వచ్చేవాళ్లు. 2025లో వాళ్లే గట్టిగా అడిగితే జీతం దాదాపు 400 శాతం పెరిగింది, అంటే అంతకుముందు ఎంత తక్కువో మీరే ఆలోచించండి. కాలిఫోర్నియాలో అయితే అక్కడి జట్ల చీర్‌లీడర్లని ఉద్యోగులుగా చూడాలని 2015లో ఏకంగా చట్టమే చేయాల్సి వచ్చింది.

ఈసారి ఫొటో వేస్తే కింద రెండు లైన్లు ఇది కూడా రాయండి.

– మీ పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సాస్