97 దగ్గర ఆగిన థర్మామీటరు

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన వారం ఏడో తరగతి పిల్లలను ల్యాబులో నీళ్లు మరగబెట్టి ఉష్ణోగ్రత రాయమన్నాం. దాదాపు క్లాసంతా రికార్డులో 100 అని రాసేసింది. పుస్తకంలో ఉన్నది అదే మరి. ఒక్క అబ్బాయి మాత్రం 97 అని రాసి, కొట్టేసి 100 చేసి, అదీ కొట్టేసి మళ్లీ 97 రాశాడు. జూన్‌లో అనంతపురం వైపు నుంచి వచ్చి చేరాడు. ఇంగ్లీషుకు ఇంకా నోరు తిరగదు.

టీచరు తెలుగులోనే చెప్పమన్నారు. "మంట పెంచినా గీత పైకి పోలేదు మేడమ్. ఈ ఊర్లో కుక్కర్ లేకుంటే బ్యాళ్లు ఉడకవని మా అవ్వ కూడా అంటాది."

అవ్వ మాట నిజమే. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మంట పెంచితే ఆవిరి ఎక్కువ పోతుందే గాని ఉష్ణోగ్రత పెరగదు. కుక్కర్ ఆవిరిని బంధించి ఒత్తిడి పెంచుతుంది, అందుకే లోపల 120 దాకా వెళ్తుంది. ఇంగ్లీషు వచ్చిన పిల్లలు పుస్తకం చూసి రాశారు, రానివాడు థర్మామీటరు చూసి రాశాడు.

"ఇంగ్లీషు కోసమే కదా ఫీజు కడుతున్నాం, క్లాసులో తెలుగెందుకు?" అని మీలో కొందరు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. పరీక్ష ఇంగ్లీషులోనే, రాయించే పూచీ మాది. కానీ సైన్సులో ముందు ప్రయోగం, తర్వాత చూసింది తెలుగో కన్నడమో ఇంటి భాషలో చెప్పడం, ఆపైనే ఇంగ్లీషు పదం. లేకపోతే 'సెల్' బొమ్మ వేయమంటే ఒకరు టార్చిలైటు బ్యాటరీ, ఇంకొకరు ఫోను వేస్తారు. వేశారు కూడా. జీవకణం ఎవరికీ తట్టలేదు.

టీచరుగా ఉన్న రోజుల్లో తెలుగు మాట్లాడితే రూపాయి జరిమానా వేసినదాన్నే నేను. ఎంతమంది అవ్వల మాటలు పోగొట్టుకున్నానో.

మాకు ఇంగ్లీషు రాదని ఇంట్లో పక్కకు తప్పుకోకండి. పాలు పొంగుతాయి, నీళ్లు ఎందుకు పొంగవని అడిగి చూడండి, తెలుగులోనే.

దసరా సెలవులకు ఊరెళ్తున్న ఆ అబ్బాయికి ల్యాబు థర్మామీటరు ఒకటి గుడ్డలో చుట్టి ఇచ్చాం. అక్కడ 99 చూపిస్తుందని మా సైన్సు టీచరు పందెం కాశారు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు