ఎర్ర అంకెల పక్కన ఆ గీత కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

షేర్ మార్కెట్ పడిన మర్నాడు 'మదుపర్ల సంపద ఆవిరి' అన్న శీర్షిక తప్పకుండా వస్తుంది. అమ్మనివాళ్లకు అది ఇంకా కాగితం మీది నష్టమేనన్న ముక్క మాత్రం ఎక్కడో లోపలి పేజీలో ఉంటుంది. 2020 మార్చిలో నేను అలాంటి శీర్షికలే చదివి, ఫోన్లో నష్టం చూపే ఎర్ర అంకెలు చూడలేక, అర్ధరాత్రి లేచి అన్నీ అమ్మేయడానికి ఆర్డరు పెట్టాను. అమెరికాలోని పెద్ద కంపెనీల షేర్ల తీరును కలిపి చూపే ఎస్ అండ్ పీ 500 సూచీ అప్పుడు నెల రోజుల్లో సుమారు 34 శాతం పడి, ఆగస్టులో పాత గరిష్ఠాన్ని దాటేసింది. నేనేమో 'ఇంకా పడుతుందిలే' అనుకుంటూ ఒడ్డునే కూర్చున్నాను.

అలాగని 'ఓపిక పడితే చాలు' అనే సలహానూ నమ్మలేను. జపాన్ షేర్ల సూచీ నిక్కీ 1989 డిసెంబరు నాటి గరిష్ఠాన్ని మళ్లీ అందుకున్నది 2024 ఫిబ్రవరిలో! సూచీ సంగతే అది. ఇక సగానికి పడ్డ ఒక్క కంపెనీ షేరు కొన్న ధరకు రావాలంటే నూరు శాతం పెరగాలి, అసలు రాకపోనూ వచ్చు. రెండేళ్లలో పిల్లల ఫీజుకు కావలసిన డబ్బుకు అక్కడ చోటు లేదు. చవకగా ఉన్నాయని అప్పు చేసి కొనడమైతే మరీ ఘోరం.

ఈసారి ఆ శీర్షిక వేసినప్పుడు పక్కనే ముప్పై ఏళ్ల సూచీ గీతను చిన్నదిగానైనా అచ్చు వేయగలరా?

— ఒక పాఠకుడు