ఉగ్గానికి మన ఊరు, పొడికి పైఊరు

అనంతపురం

పాపా,

మన అంగడికి నువ్వు ఇన్‌స్టాగ్రామ్ పేజీ తెరిచినావని మీ నాయన చూపించినాడు. బాణలిలో మిరపకాయ బజ్జీలు పొంగేది తీసినావు చూడు, అది నాకు చానా నచ్చింది. ఫోన్లో చెప్దామంటే గిరాకీ మధ్యలో సగం మాటలే అవుతాయి, అందుకే కూర్చుని రాస్తున్నా.

తిండి వీడియోలు చేసే ఆ అబ్బాయిని పిలిపిస్తానన్నావు. లక్షల మంది చూస్తారంటివి. ఇప్పుడే వద్దమ్మా. అతనికిచ్చే డబ్బు గురించి కాదు నేను చెప్పేది. మనకుండేవి రెండు పొయ్యిలు. ఒకదాని మీద బజ్జీల బాణలి, ఇంకోదాని మీద తిరగవాత. ఒక వాయి దిగేదాకా ఎవరైనా నిలబడాల్సిందే. వీడియో చూసి ఒక ఆదివారం జనమంతా వచ్చి పడితే, రోజూ ఏడింటికి తిని డ్యూటీకి పోయే ఆర్టీసీ కండక్టరుకు, కోర్టు దగ్గర గుమాస్తా పని చేసే పెద్దాయనకు ప్లేటు అందదు. వాళ్లు రెండు మూడు సార్లు చూసి ఇంకో అంగడికి అలవాటు పడతారు. వీడియో చూసి వచ్చినవాళ్లేమో తర్వాతి వారం ఇంకో వీడియో చూసి ఇంకోచోటికి పోతారు. మనకు అన్నం పెట్టేది రోజూ వచ్చేవాళ్లే. నువ్వు ఫోన్‌తో చేసే పని ముందు వాళ్లకు పనికిరావాల.

ఉగ్గాని అప్పటికప్పుడు తినాల్సిన తిండి. బొరుగులు నీళ్లలో వేసి, చేత్తో గట్టిగా పిండి, తిరగవాతలో కలిపి పప్పుల పొడి చల్లినాక ఆగకూడదు. ఆగితే ముద్దయిపోతుంది, బజ్జీ కూడా సాగుతుంది. దాన్ని హైదరాబాదులో ఎంతమంది చూసినా మనకు ఒక్క ప్లేటు అమ్ముడుపోదు. దానికి వాట్సాప్ చాలు. పొద్దున ఆరింటికి స్టేటస్‌లో ఈరోజు ఏముందో పెట్టాల. అయిపోయినప్పుడు అయిపోయిందని కూడా పెట్టాల, మన ఎండలో ఎవరూ ఊరికే నడిచి రాకుండా ఉంటారు. మీ నాయనకు నేర్పించు, ఆయన పెడతాడు. స్టేటస్ అయినా, ఒకేసారి అందరికీ పంపే బ్రాడ్‌కాస్ట్ అయినా మన నంబరు సేవ్ చేసుకోనివాళ్లకు పోదంట కదా. అందుకని నంబరు గోడ మీద పెద్దగా రాయిస్తా, డబ్బులు తీసుకునేటప్పుడు నేనే సేవ్ చేసుకోమని చెప్తా. బ్రాడ్‌కాస్ట్ లిస్టు ఒకదానికి 256 మందే పడతారని నువ్వు బాధపడినావు. అంతమంది వారానికొకసారి వచ్చినా మన బాణలి ఖాళీగా ఉండదు పాపా.

గూగుల్ మ్యాప్‌లో అంగడి గుర్తు సరిచేయి. హైదరాబాదు నుంచి బెంగళూరుకు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మన ఊరి పక్కనుంచే పోతుంది. కార్లలో పోయేవాళ్లకు ఆకలైతే వెతికేది ఫోన్లోనే. తెరిచే టైము, మూసే టైము, సెలవు ఎప్పుడో ఉన్నదున్నట్టు రాయి. తాళం చూసి వెనక్కి పోయినవాళ్లు మళ్లీ రారు. మన చుట్టాలతో మాత్రం అయిదేసి చుక్కలు వేయించొద్దు. ఎవరైనా ఉప్పెక్కువైందని రాస్తే మర్యాదగా బదులు రాసి, నాకు ఆ పొద్దే చెప్పు. తినేవాళ్ల ముఖాలు, ముఖ్యంగా కాలేజీ ఆడపిల్లలవి, అడగకుండా పెట్టొద్దు. బజ్జీలు పాత పేపరు మీద పెట్టి ఫోటో తీస్తే అందంగా ఉంటుందన్నావు. సిరా తిండికి అంటుకుంటుందనే 2018 ప్యాకేజింగ్ నియమాల్లో దాన్ని వద్దన్నారు. మనది విస్తరాకే, ఫోటోలోనూ విస్తరాకే ఉండనీ.

చెనిక్కాయల పొడి సంగతి వేరు. అది ప్రయాణం చేస్తుంది. మన జిల్లా పిల్లలు బెంగళూరులో, హైదరాబాదులో ఎంతమంది ఉన్నారో నీకే ఎక్కువ తెలుసు. రాత్రి పొద్దుపోయి రూముకు చేరి, అన్నంలో ఇంత పొడి వేసుకుంటే చాలనుకునే పిల్లలు వాళ్లు. నీ ఇన్‌స్టాగ్రామ్ వాళ్ల కోసం. ఎర్రనేలలో పండిన కాయలు తీసి పెట్టు. సన్నని మంట మీద వేయించేది, పొట్టు చెరిగేది, తెల్లగడ్డలు, ఎండుమిరపకాయలు పక్కన పెట్టేది నిదానంగా చూపించు. రోలు మాత్రం పెట్టొద్దు. మనం పొడి కొట్టేది మిక్సీలో, మిక్సీనే చూపించు. రోట్లో దంచినామని నమ్మి ఒక్కరు కొన్నా అది మోసమే.

ఇది నూనె గింజ, నిలవుంటే కనరు వాసన వస్తుంది. ఆర్డర్లు ముందు తీసుకుని వారానికొకసారి చేసి పంపుదాం. పాకెట్టు మీద చేసిన తేదీ, ఎప్పటిలోపు తినాలో, తూకం, ఏమేం వేసినామో, పచ్చచుక్క, తిండి అమ్మేవాళ్లకు లైసెన్సు ఇచ్చే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్లిచ్చిన 14 అంకెల నంబరు ఉండాల. చెనిక్కాయలు పడనివాళ్లు ఉంటారు, వాళ్ల కోసం ఆ మాట విడిగా, కంటికి కనబడేలా రాయి.

ఇంకొకటి. పోస్టర్ చేసిన అబ్బాయి ఈ పొడి తింటే షుగరు తగ్గుతుందని రాసినాడు. అది తీసేయించు. 2006 ఆహార భద్రత చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా ఉంది. జరిమానా లేకపోయినా నేను ఒప్పుకోను. మీ జేజికి షుగరు, నువ్వు చూస్తూనే పెరిగినావు. అలాంటి ఏ పెద్దామెనో మన మాట నమ్మి మాత్ర మానేస్తే ఏం చేస్తాం? రుచిగా ఉంటుందని చెప్పు, అది నిజం.

ముందుముందు పొడి కోసం ఆ వీడియో అబ్బాయిని పిలుద్దామంటే పిలుద్దాం. డబ్బు తీసుకుని చేస్తున్నానని అతను వీడియోలోనే చెప్పాల. అలా చెప్పి తీరాలని 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ కూడా చెప్పింది. ఒప్పుకోకపోతే వేరేవాళ్లను చూడు.

ఉగాదికి ఓళిగల ఆర్డర్లు తీసుకుందామా అన్నావు. తీసుకుందాం, మనం తట్టగలిగినన్నే. ఎన్నో మీ జేజిని అడిగి చెప్తా. అంతకు చేరగానే ఆర్డర్లు ఆపేసినామని పేజీలో పెట్టు, ఎవరు బతిమాలినా పెంచొద్దు. పండక్కి రెండు రోజులు ముందుగా రా, పూర్ణం రుబ్బడానికి మనిషి కావాల. వచ్చేటప్పుడు పొడి లేబుళ్లు అచ్చు వేయించుకుని రా. డబ్బాలు నేను ఇక్కడ చూసి పెడతా.

ఇట్లు,
మీ అమ్మ