ఖయ్యాం లెక్కకి మన పుస్తకంలో రెండు పేజీలు ఇవ్వండి

గణిత పాఠ్యపుస్తకాల విభాగం సంచాలకులు గారికి,

నమస్కారం. ఉమర్ ఖయ్యాం అనగానే మన తెలుగువాళ్లకి మధుపాత్ర గుర్తొస్తుంది. దువ్వూరి రామిరెడ్డి గారి అనువాదం పుణ్యమా అని ఖయ్యాం రుబాయీలు, అంటే నాలుగు పాదాల పద్యాలు, ఎప్పుడో మన సొంతమయ్యాయి. మా పిల్లలకి మాత్రం ఆయన లెక్కల సంగతే తెలీదు. లెక్కల మాస్టారిగా నా బాధ అదే.

ఖయ్యాం 1048లో ఇరాన్‌లోని నిషాపూర్‌లో పుట్టాడు. సుల్తాన్ మలిక్‌షా కొలువులో, ఇస్ఫహాన్ వేధశాలలో పనిచేశాడు. 1079లో అమల్లోకి వచ్చిన జలాలీ క్యాలెండర్ వెనక ఆయన శ్రమ ఉంది. ఇప్పటి ఇరాన్ క్యాలెండర్‌కి మూలం అదే.

నా మనసు దోచింది మాత్రం ఆయన ఘన సమీకరణాలు. ఒక సంఖ్య ఘనానికి ఆ సంఖ్య నాలుగు రెట్లు కలిపితే 16 రావాలి. ఎంత ఆ సంఖ్య? ఈమధ్య తొమ్మిదో తరగతిలో ఆయన పద్ధతిలోనే, గ్రాఫ్ కాగితం మీద ఒక పరావలయం, 4 యూనిట్ల వ్యాసంతో ఒక వృత్తం గీయించాను. మూలబిందువు దాటాక అవి మళ్లీ కలిసిన చోటునుంచి కిందికి గీత గీస్తే సరిగ్గా 2 దగ్గర ఆగింది. వెనక బెంచీ పిల్లాడు లేచి నిలబడి చూశాడు సార్!

గీతలు లేకుండా, అంకెలతోనే సాధించే దారి తనకి దొరకలేదనీ, తర్వాతివాళ్లకి దొరకొచ్చనీ ఖయ్యాం నిజాయితీగా రాసుకున్నాడు. 16వ శతాబ్దంలో ఇటలీలో దొరికింది. ఆ మాట కూడా పాఠంలో ఉండాలి.

కొత్త పుస్తకాలు రాయించేటప్పుడు దయచేసి రెండు పేజీలు కేటాయించండి. బొమ్మలు నేనే గీసి పంపుతాను.

ఇట్లు,
ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాల గణిత ఉపాధ్యాయుడు