తాడేపల్లిగూడెం దాటాక టీ కొట్టు దగ్గర కలిసిన బాబాయ్‌కి ఒక దండం

అందరికీ నమస్కారం. రాత్రి ఒంటిగంటన్నరకి ఇల్లు చేరాను. సబ్బుతో రెండుసార్లు కడిగినా గోళ్లలో గ్రీజు పోలేదు, కళ్లు మండుతున్నాయి, అయినా నిద్ర పట్టడం లేదు. తెల్లారితే మళ్లీ లోడింగ్ హడావిడిలో పడిపోతాను, ఇక రాసేది ఉండదు, అందుకే ఇప్పుడే కూర్చున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

మాది కడియం పక్కన. నర్సరీల నుంచి మొక్కలు వేసుకుని ఏలూరు, విజయవాడ, ఒక్కోసారి హైదరాబాద్ దాకా సొంత పికప్‌లో తిప్పుతాను. ఒకటిన్నర టన్ను బండి, ఫైనాన్స్ ఇంకా 19 నెలలు ఉంది. ఆ బండిలో మార్చి నుంచి ఒక శబ్దం మొదలైంది.

శబ్దం అంటే పెద్దదేం కాదు. బండి ఖాళీగా ఉన్నప్పుడు ఫస్ట్ గేర్ వేసి క్లచ్ వదలగానే ఒక 'టక్'. బ్రేక్ తొక్కి ఆపగానే ఇంకో 'టక్'. ఎవరో క్యాబిన్ కింద నక్కి పిడికిలితో ఒక్కసారి కొట్టినట్టు. గోదావరి దాటే సిద్ధాంతం, జొన్నాడ వంతెనల మీద అతుకులు వచ్చినప్పుడు మాత్రం వరసగా టక్ టక్ టక్ మని నా గుండె మీదే కొట్టేది. తీరా మొక్కలు ఎక్కించామా, దాదాపు మాయం. వెళ్లేటప్పుడు బంగారంలాంటి బండి, వచ్చేటప్పుడు దెయ్యం పట్టిన బండి. పాటలు పెడితే వినబడదు కదా అన్నారు కొందరు. పాటల మధ్యలో కూడా నాకు అదే వినబడేది.

నాలుగు నెలల్లో సర్వీస్ సెంటర్‌కి మూడుసార్లు తీసుకెళ్లాను (పేరు, ఊరు చెప్పను, గొడవలొద్దు). మొదటిసారి ముందు స్టెబిలైజర్ లింకులు మార్చారు. శబ్దం క్యాబిన్ కింద నుంచి వస్తోందని నేనే చెప్పాను కాబట్టి ముందు వైపే చూశారు, అది వేరే సంగతి. రెండోసారి లోయర్ ఆర్మ్ బుష్షులు. మూడోసారి వెనక షాక్ అబ్జార్బర్లు రెండూ, వాటితోపాటు షాకిల్ బుష్షులు. మధ్యలో ఎడమ వెనక టైరు ఒక వైపే అరుగుతోందని బయట రెండుసార్లు అలైన్‌మెంట్ చేయించాను, వాళ్లేమో ముందు చక్రాలు సరిచేసి పంపారు. మొత్తం 16,850 రూపాయలు అయింది. బిల్లులన్నీ డాష్‌బోర్డులో ఉన్నాయి, శబ్దం కూడా ఎక్కడికీ పోలేదు.

చివరిసారి ట్రయల్‌కి ముగ్గురు ఎక్కారు. వాళ్ల ప్రాంగణంలోనే ఒక చుట్టు వేసి, "ఏం లేదండి, కొత్త షాకులు కదా, సెట్ అవ్వాలి" అన్నారు. దిగేటప్పుడు ఒకాయన పక్కాయనతో మెల్లగా "ఈయనకి అనుమానం పట్టుకుంది" అన్నాడు. నాకు వినబడింది. ఆ రాత్రి ఇంటికొచ్చి మా ఆవిడతో చెబితే తను కూడా నవ్వింది. నిజం చెప్పాలంటే అప్పటికి నాకే సందేహం వచ్చేసింది, చెవుల్లో ఏమైనా తేడా ఉందేమో చూపించుకుందామా అనుకున్నాను.

ఇక నిన్నటి సంగతి. ఆదివారం. ఏలూరులో లోడు దింపి ఖాళీ బండితో వస్తున్నాను. తాడేపల్లిగూడెం దాటాక, తణుకు ఇంకా రాకముందు, రోడ్డు పక్కన ఒక టీ కొట్టు ఉంటుంది. సాయంత్రం ఆరున్నర అయి ఉంటుంది. బండి పక్కకి తీసి బ్రేక్ తొక్కాను. టక్. అలవాటే కదా అని దిగి టీ చెప్పాను.

సిమెంటు బల్ల మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. ఎక్కడో శుభకార్యానికి బయల్దేరినట్టు తెల్ల పంచె, తెల్ల చొక్కా, ఇస్త్రీ మడత నలగలేదు. చేతిలో తమలపాకు. ఆయన నా వైపు కూడా చూడలేదు. బండి వెనక చక్రం వైపు చూస్తూ, ఆకుకి సున్నం రాసుకుంటూ, "ఎన్నాళ్ల నుంచి కొడతా ఉందబ్బాయ్?" అన్నారు.

నేను ఆయనకి ఏమీ చెప్పలేదు. శబ్దం అన్న మాటే ఎత్తలేదు. నాలుగు నెలల్లో నేను చెప్పకుండా ఆ శబ్దం విన్న మొదటి మనిషి ఆయన. గ్లాసు చేతిలో పట్టుకుని నిలబడ్డాను, గొంతు పెగల్లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నవ్వితే నవ్వండి. "మార్చి నుంచి బాబాయ్" అనడానికి కాస్త టైమ్ పట్టింది.

నలభై ఏళ్లు కమాన్ పని చేశారట, అంటే బండి బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగుల పని. లారీల కమాన్ కట్టలు విప్పడం, విరిగిన పట్టీలు మార్చడం, కొలిమిలో వంపు తీయడం. మోకాళ్ల నొప్పులతో ఆరేళ్ల కిందట మానేశారట. మేనకోడలి కూతురి నిశ్చితార్థానికి వెళ్లాలి, కొడుకు వచ్చి బండి ఎక్కించుకుంటాడని అక్కడ కూర్చున్నారు. ఆ మాట చెబుతూనే పంచె ఎగ్గట్టి బండి వెనక్కి వచ్చేశారు. "వద్దు బాబాయ్, బట్టలు పాడైపోతాయి, ఎక్కడ చూడాలో చెప్పండి, నేను దూరతాను" అన్నాను. "నువ్వు చూస్తే నీకు కనబడదు కదయ్యా" అన్నారు. టీ కొట్టు అక్క ఒక గోనెసంచి ఇచ్చింది. అది పరుచుకుని, ఆ తెల్ల చొక్కాతోనే, ఎడమ వెనక చక్రం పక్క నుంచి కిందకి జరిగారు.

ఫోన్ లైటు నేను పట్టుకున్నాను. ఆయన ఏ స్పానరూ అడగలేదు. జేబులోంచి సున్నం డబ్బీ తీశారు. కమాన్ కట్ట మీద మట్టి బొటనవేలితో తుడిచి, వేలికి సున్నం తీసుకుని, పై పట్టీ నుంచి మొదలుపెట్టి పట్టీలన్నిటి మీదుగా, కింద యాక్సిల్ (ఇరుసు) మీద కమాన్ కూర్చునే దిమ్మ దాకా నిలువుగా ఒక్క గీత గీశారు. నామం పెట్టినట్టు. అంతే. "పది గజాలు ముందుకి పోనిచ్చి గట్టిగా బ్రేక్ తొక్కు. మళ్లీ అంతే వెనక్కి వచ్చి తొక్కు" అన్నారు. ముందుకి పోనిచ్చాను, టక్. వెనక్కి వచ్చాను, టక్. దిగి లైటు వేస్తే గీత తెగిపోయి ఉంది. పట్టీల మీద గీత ఒక చోట, దిమ్మ మీద గీత దానికి వేలెడు వెడల్పు పక్కన. నాలుగు నెలల నా దెయ్యం సున్నంలో కనబడింది.

సెంటర్ బోల్టు విరిగింది. తెలియనివాళ్లకి చెబుతాను, నాకూ నిన్నటిదాకా తెలియదు. కమాన్ కట్టలోని పట్టీలన్నిటికీ నడుమ ఒక బెజ్జం ఉంటుంది, అందులోంచి ఒకే బోల్టు వెళ్తుంది, దాని తల యాక్సిల్ మీద దిమ్మ బెజ్జంలో కూర్చుంటుంది. యాక్సిల్ అటూ ఇటూ జరక్కుండా తన చోటు చూపించేది అదే. పైనుంచి యూ బోల్టులు మొత్తాన్ని బిగించి పట్టుకుంటాయి. యూ బోల్టులు వదులైతే ఆ భారమంతా సెంటర్ బోల్టు మీద పడి తెగుతుంది. అది తెగాక బ్రేక్ తొక్కినప్పుడల్లా, బండి కదిలినప్పుడల్లా యాక్సిల్ జరిగి యూ బోల్టులకి తగులుతుంది, అదే టక్. నా బండికి లోడు వేస్తే ఆ బరువుకే అన్నీ అతుక్కుని కదలడం లేదు. టైరు ఒక వైపే ఎందుకు అరిగిందో కూడా అప్పుడు అర్థమైంది, యాక్సిలే వంకరగా కూర్చుంటే ముందు చక్రాలకి అలైన్‌మెంట్ చేసి ఏం లాభం?

"ఈ పట్టీలు రెండూ తర్వాత ఎక్కించినవి కదా?" అని అడిగారు. అవును. ఫిబ్రవరిలో ఒక చోట రెండు పట్టీలు అదనంగా వేయించాను. మొక్కల వ్యాపారంలో ఉన్నవాళ్లకి తెలుసు, ఎర్రమట్టి కవర్లకి తెల్లవారుజామున నీళ్లు పెట్టి ఎక్కిస్తే బరువు ఎంత పెరుగుతుందో. వెనక కూర్చుండిపోతోందని వేయించాను. తప్పే. వేసినవాళ్లు పాత యూ బోల్టులే మళ్లీ బిగించేశారు. "పట్టీలు కొత్తగా వేస్తే యూ బోల్టులూ కొత్తవి వేయాలి, రెండు లోడ్లు తిరిగాక మళ్లీ బిగించుకోవాలి, పట్టీలు సర్దుకుంటాయి కదా, ఎవరూ చెప్పలేదా?" అన్నారు. ఎవరూ చెప్పలేదు.

ఈలోగా కొడుకు వచ్చాడు. నాన్న చొక్కా చూసి తల పట్టుకున్నాడు. "నువ్వు వెళ్లి తాంబూలాలు అందుకో, నేను భోజనాల టైముకి వస్తాను" అని పంపించేశారు. నేను వద్దంటున్నా వినలేదు. "ఇలా వదిలేస్తే జొన్నాడ వంతెన మీద యాక్సిల్ జరిగిపోతే ఏం చేస్తావు? నాకు రాత్రి నిద్ర పడుతుందా?" అన్నారు.

ఆ తర్వాత రెండున్నర గంటల పని. సామాను తెచ్చేసరికే ఎనిమిది దాటింది. చక్రాలకి రాళ్లు పెట్టి, ఛాసిస్‌ని జాకీతో లేపి, పట్టీలు విడిపోకుండా క్లాంపు వేసి, తుప్పు పట్టిన నట్లకి డీజిల్ పోసి నానబెట్టి విప్పాం. దూరి బిగించింది నేనే, ఆయన సంచి మీద కూర్చుని చెప్పారు. నాలుగు నట్లనీ ఎదురెదురుగా, ఒక్కోదానికీ కొంచెం కొంచెం. నేను ఒకదాన్ని ఒకేసారి బిగించేస్తుంటే చేతి మీద చిన్న దెబ్బ వేశారు. బయటికి వచ్చిన బోల్టు రెండు ముక్కలు నా అరచేతిలో పెట్టి, "చూడు, ఇది నిన్నామొన్నా విరిగింది కాదు" అన్నారు. విరిగిన చోట రెండూ ఒకదానికొకటి రాసుకుని రాసుకుని చెరువులో గులకరాయిలా నున్నగా అయిపోయాయి. వాటిని కాగితంలో చుట్టి తెచ్చుకున్నాను.

సెంటర్ బోల్టు 40, యూ బోల్టులు రెండూ నట్లతో కలిపి 520. ఆయన కూలి 300. వెయ్యి ఇవ్వబోతే కోపం వచ్చింది. మూడొందలూ లెక్కపెట్టుకుని జేబులో పెట్టుకున్నారు. "కడియం అన్నావుగా, ఈసారి వచ్చేటప్పుడు గుండుమల్లె మొక్క ఒకటి పడేయి" అన్నారు. బాబాయ్, మీ పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. ఒకటి కాదు, నాలుగు తెస్తాను.

ఇప్పుడు ఒక మాట అనకపోతే నాకు ఈ రాత్రి నిద్ర పట్టదు. ఇంటికి రాగానే సర్వీస్ కాగితాలు తీసి చూశాను. మూడుసార్లూ చెక్ లిస్టులో 'యూ బోల్టులు బిగింపు' అన్న గడి ఉంది, మూడుసార్లూ టిక్ ఉంది, కింద నా సంతకం ఉంది. స్పానర్ పెట్టి ఉంటే ఒక్కసారైనా తెలిసేది కదా! లిఫ్ట్ మీద ఎక్కిస్తే చక్రాలు వేలాడతాయి, నేల మీద బ్రేక్ తొక్కినప్పుడు వచ్చే శబ్దం అక్కడ ఎలా వస్తుంది? లోపలికి కస్టమర్‌ని రానివ్వరు, కింద దూరే కుర్రాడితో మాట్లాడనివ్వరు, మనం అడ్వైజర్‌కి చెప్పాలి, ఆయన కంప్యూటర్‌లో కొట్టాలి, ఆ కుర్రాడి దగ్గరికి చేరేసరికి 'సస్పెన్షన్ నాయిస్' అన్న రెండు ముక్కలు మిగులుతాయి. పార్టు మారిస్తే బిల్లు అవుతుంది, నట్టు బిగిస్తే ఏమవుతుంది? ఆ కుర్రాళ్లని అనడం లేదు, రోజుకి ఇన్ని బండ్లు దింపాలని లెక్క పెడితే వాళ్లు మాత్రం ఏం చేస్తారు. అదనపు పట్టీలు వేయించుకుంది నేనే, అది ఒప్పుకుంటున్నాను. కానీ వినబడేదాన్ని అనుమానం అనడం మాత్రం మనసులోంచి పోవడం లేదు.

మా ఆవిడ చీటీ డబ్బులు ఆ బిల్లులకే పోయాయి, మా బామ్మర్ది రాత్రి రావులపాలెం దాకా ఎదురొచ్చి నా వెనకే బండిలో వచ్చాడు. వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, ఇంట్లోవాళ్లేగా.

అయ్యో, దండం పెట్టాల్సిన ఇంకొందరిని మర్చిపోయాను. ఆదివారం షాపు మూసి ఉన్నా పైనుంచి దిగి షట్టర్ సగం ఎత్తి యూ బోల్టులు ఇచ్చిన తాడేపల్లిగూడెం స్పేర్ పార్టుల ఆయనకి. నన్ను మోటార్ సైకిల్ మీద అక్కడికి తీసుకెళ్లి తీసుకొచ్చిన టీ కొట్టు అక్క కొడుక్కి (పెట్రోలు డబ్బులు తీసుకోలేదు, పేరు అడగడం కూడా మర్చిపోయాను తమ్ముడూ). నట్లు ఊడక చేతులు బొబ్బలెక్కుతుంటే లారీ ఆపి పొడవాటి పైపు, బాక్స్ స్పానర్ ఇచ్చిన తమిళనాడు డ్రైవర్ అన్నకి. ఆయన భాష నాకు రాదు, నా భాష ఆయనకి రాదు, 'టక్' మాత్రం ఇద్దరికీ అర్థమైంది.

ఇంకొకరు. ఏప్రిల్‌లో మా డ్రైవర్ల గ్రూపులో ఒకతను "సెంటర్ బోల్టు ఒకసారి చూపించుకో అన్నా" అని పెట్టాడు. ఇప్పుడే వెతికితే కనబడింది. దానికి నేను నవ్వుతున్న బొమ్మ పెట్టి వదిలేశాను. తమ్ముడూ, క్షమించు.

టీ కొట్టు అక్కా, మీ గోనెసంచి పొరపాటున నా బండిలోనే వచ్చేసింది. బుధవారం లోడుతో వస్తున్నాను, మల్లె మొక్కలతోపాటు తెచ్చి ఇచ్చేస్తాను.